రోమన్ వెండినాణెంపై స్త్రీమూర్తి: రాణియా? దేవతయా?

ఉపోద్ఘాతం

నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో లభించిన సుమారు 1500 రోమన్ వెండినాణేల రాశి తెలంగాణ ప్రాచీన వాణిజ్యచరిత్రకు ముఖ్యాధారం. పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో వెలువరించిన గ్రంథంలో దీనిని వివరించారు. ఇందులో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల డెనారియస్ నాణేలే ప్రధానం. టైబీరియస్ నాణెం వెనుకవైపు రాజదండం, ఆలివ్ కొమ్మ ధరించి ఆసీనయైన స్త్రీమూర్తి కనిపిస్తుంది. ఈమెను చక్రవర్తి తల్లి లివియాగా గుర్తించడం పరిపాటి. ఆ గుర్తింపు ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

బొమ్మ – అక్షరం

మూర్తికి ఇరువైపులా ఉన్న ‘పాంటిఫ్ మాక్సిమ్’ అన్న లాటిన్ అక్షరాలు ప్రధాన పురోహితుడిగా చక్రవర్తికున్న బిరుదును తెలుపుతాయి. స్త్రీ పేరును కాదు. ఆలివ్ కొమ్మ శాంతిదేవత పాక్స్‌ను స్ఫురింపజేస్తుంది. కనుక లివియా అన్నది పండితుల ఊహ. నాణెం పలికిన మాట కాదు. క్రీ.శ. 140లో మరణించిన పెద్ద ఫాస్టీనా వెండినాణేలపై మాత్రం ఆమె పేరు దివ్యత్వసూచకమైన బిరుదుతో స్పష్టంగా ఉంది. అయితే క్రీ.శ. 64లో నీరో డెనారియస్‌లో వెండిని తగ్గించాడు. ఆ తరువాతి వెండినాణేలు దక్షిణభారత నిక్షేపాల్లో అరుదు. రాణుల పేర్లు వెండిపై విరివిగా కనిపించేనాటికే ఇక్కడికి ఆ వెండి రాక సన్నగిల్లింది.

ఇక్కడి చూపు

ఆంధ్రదేశంలో లభించిన అనుకరణ నాణేల్లో లాటిన్ అక్షరాలు అర్థరహితమైన గీతలుగా మారాయి. ఆకృతి మాత్రం నిలిచింది. అచ్చు చెక్కినవాడికి కావలసింది ఆమె పేరు కాదు, జనం నమ్మిన రూపం. నిజాం రూపాయిపై పాతబస్తీ చార్మినారుకు పేరు చెక్కనక్కరలేదు. చూసేవారికి అది ముందే తెలుసు. అక్కన్‌పల్లిలో వెండిని దాచుకున్నవారికి లివియాతో అటువంటి పరిచయం ఉందనడానికి ఆధారం లేదు.

శాసనసాక్ష్యం

క్రీ.శ. 3వ శతాబ్దికి చెందిన నాగార్జునకొండ శాసనంలో ఉజ్జయిని మహారాజు కుమార్తె మహాదేవి రుద్రధర భట్టారిక 170 దీనారి మాషకాలు దానం చేసినట్లుంది. ‘దీనారి’ పదానికి మూలం డెనారియస్. నాణెం పేరు కృష్ణాతీరానికి చేరి రాణి దానపత్రంలో లెక్క అయింది. నాణెంపై స్త్రీకి రూపముంది, పేరు లేదు. శాసనంలో స్త్రీకి పేరుంది, రూపం లేదు.

ముగింపు

టైబీరియస్ నాణేన్ని ‘రాణి నాణెం’ అని నిర్ధారించి, దానిపై స్త్రీగౌరవ సిద్ధాంతాలు నిర్మించడం సమంజసం కాదు. ‘ఆసీన స్త్రీమూర్తి’ అన్న వర్ణనే శాస్త్రీయం. ప్రాచీనాంధ్ర రాజస్త్రీల కర్తృత్వాన్ని అన్వేషించే పరిశోధకులు పరదేశ నాణెం బొమ్మకన్నా ముందుగా స్వదేశ శాసనాల దానవాక్యాలను చదవడం అవసరం.