రెండు చింతపల్లులు

నర్సీపట్నం నుంచి ఘాటీ ఎక్కి లంబసింగి దాటితే వచ్చే చింతపల్లి మాది. పాత పటాల్లో దాని కోసం వెతుకుతుంటే నాకు ముందు దొరికింది ఇంకో చింతపల్లి. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో, కోనాడ దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న చేపలవాళ్ల ఊరు. ఇంగ్లీషువాళ్లు దాన్ని ‘శాంటపిల్లి’ అని రాసుకున్నారు. రెండుమూడుసార్లు పైకి పలికితే గానీ అందులో చింత వినపడలేదు. అప్పటినుంచీ పటంలో ఏ పేరు కనబడినా నోటితో అని చూసుకుంటాను. భీమునిపట్నాన్ని ‘బిమ్లిపటం’ చేసిన చెవులు కదా అవి.

అంత చిన్న ఊరికి ఓడలవాళ్ల పటాల్లో చోటెందుకు దొరికింది? ఊరికి ఎదురుగా సముద్రంలో ఉన్న రాళ్ల వల్ల. భీమిలి రేవుకు వచ్చే ఓడలు వాటికి తగలకుండా 1847లో ఇక్కడి కొండ మీద దీపం పెట్టారు. 1825లో డచ్చివాళ్ల చేతినుంచి ఇంగ్లీషువాళ్లకు వచ్చిన భీమిలికి అప్పుడు సరుకు ఓడల రాకపోకలు ఎక్కువ. అందుకే ఆ పటంలో కొండ ఉంటుంది, దీపం ఉంటుంది, నీటి లోతులుంటాయి. ఇసకలో ఆరేసిన వలలు ఉండవు. వల వేసేవాళ్లూ ఉండరు.

ఆ పటం కాపీ పట్టుకుని ఊరికి వెళ్లాను. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చుని, “తాతా, ఈ రాళ్లు ఎక్కడ?” అని అడిగాను. ఆయన కాగితం వైపు చూడలేదు. కొండకీ తాటిచెట్టుకీ వరస కలిపి చూపించి, “ఆ రాళ్లకాడే బాబూ సేప ఉంటాది” అన్నాడు. ఓడలవాళ్లు తప్పుకుని పొమ్మని గుర్తుపెట్టిన చోటికే ఆ ఊరివాళ్లు తరతరాలుగా వెతుక్కుంటూ పోతున్నారు. ఆ ఒక్క మాటకి నేను పటాలు చదివే తీరే మారిపోయింది.

ఇంటికొచ్చి మా చింతపల్లి పటం మళ్లీ తీశాను. అంగుళానికి ఒక మైలు లెక్కన గీసిన సర్వే పటం. ఆ కొలతలో పది ఇళ్ల గూడెం ఆవగింజంత. పోలీసు స్టేషనుకి మాత్రం ‘పి.ఎస్.’ అని అక్షరాలున్నాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం తుపాకులు పట్టుకుపోయింది చింతపల్లి స్టేషన్‌ నుంచే. అడవి మీద ‘ఆర్.ఎఫ్.’, అంటే రిజర్వు ఫారెస్టు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు కొట్టుకునే కొండను ఆ రెండక్షరాల కిందికి తెచ్చింది. ఆ పచ్చరంగు లోపల ఎవరి పోడు ఎక్కడుందో, రాగులూ సామలూ ఏ వాలులో పండాయో పటానికి అక్కర్లేదు. నాకు అక్కర.

మా అత్త చిన్నప్పుడు పసుపు మోసుకుని సంతకి నడిచిన దారి కూడా అందులో లేదు. ఆమెనడిగి పెన్సిలుతో గీశాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, గీత మీద వేలు పెట్టింది.

“గెడ్డకి ఇవతల కాదురా, అవతల. ఇటు జారుడు.”

చెరిపేసి మళ్లీ గీస్తున్నాను.