ప్రతిపరీక్ష తెరకెక్కినప్పుడు: ఒక జపాను న్యాయకథ రూపాంతరం

న్యాయస్థానంలో సాక్షి చెప్పిన మాటకు, న్యాయమూర్తి ముందున్న వస్తువుకు పొంతన కుదరని క్షణం ఒకటి ఉంటుంది. ఆ ఒక్క క్షణాన్ని ఆధారం చేసుకొని జపానుకు చెందిన క్యాప్‌కామ్ సంస్థ 2001 అక్టోబరులో ‘గ్యాకుతెన్ సైబన్’ అనే వీడియో గేమ్‌ను విడుదల చేసింది. ‘తారుమారైన విచారణ’ అని ఈ పేరును తెలుగు చేసుకోవచ్చు. ఇంగ్లీషు తెలిసిన లోకానికి ఇది ‘ఏస్ అటార్నీ’గా పరిచితం. దీని సృష్టికర్త తకుమి షూ. చేతిలో ఇమిడే చిన్న యంత్రం కోసం పుట్టిన ఈ కథ తర్వాత పలు రూపాలు ధరించింది. స్త్రీలే అన్ని పాత్రలూ పోషించే తకరజుకా బృందం 2009లో దీన్ని సంగీత రూపకంగా ప్రదర్శించింది. 2012లో మీకే తకాషి చలనచిత్రంగా తీశాడు. 2016 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు వతనబే అయుము దర్శకత్వంలో ఏ-1 పిక్చర్స్ సంస్థ 24 భాగాల యానిమే ధారావాహికను అందించింది. 2018-19లో క్లోవర్‌వర్క్స్ సంస్థ మరో 23 భాగాలు చేర్చింది. మూలకథను అడుగడుగునా అనుసరించాలన్న పట్టుదల ఈ యానిమేలో స్పష్టంగా కనిపిస్తుంది. చిక్కు కూడా ఆ పట్టుదలలోనే ఉంది.

ఆట నడిచే తీరు తెలిస్తే గాని ఆ చిక్కు బోధపడదు. నరుహోదో ర్యూఇచి అనే యువ న్యాయవాది పక్షాన ఆటగాడు నిలబడతాడు. సాక్షి వాంగ్మూలం ఒక్కొక్క వాక్యంగా తెర మీద కనిపిస్తుంది. ఏ వాక్యాన్నయినా నిలదీయవచ్చు. దానికి విరుద్ధమైన ఆధారాన్ని ఎదుట పెట్టవచ్చు. తొలి కేసునే చూడండి. శవాన్ని మధ్యాహ్నం ఒంటి గంటకు చూశానని సాక్షి అంటాడు. మరణం నాలుగు దాటిన తర్వాత సంభవించిందని శవపరీక్ష నివేదిక చెబుతుంది. తడబడిన సాక్షి టెలివిజన్‌లో వేళ విన్నానంటాడు. ఆ సమయానికి అక్కడ కరెంటు లేదు. గడియారం చెప్పిందంటాడు, ఆ గడియారం చూపులకు బొమ్మే తప్ప గడియారంలా కనిపించదు, పైగా హత్యకు వాడిన ఆయుధమే అది. ఇంటి లోపల అడుగు పెట్టని మనిషికి ఆ సంగతి తెలిసే వీలు లేదు. అబద్ధాన్ని కప్పిపుచ్చే అబద్ధమే నేరస్థుణ్ణి పట్టి ఇస్తుంది. ఈ పొరలను విప్పవలసిన బాధ్యత పూర్తిగా ఆటగాడిదే. మొదటి రూపంలో అతనికి అయిదు తప్పుల గడువు ఉండేది. అయిదవ తప్పుతో నిర్దోషి జైలుకు వెళతాడు.

యానిమేలో ఈ కేసంతా మొదటి భాగంలోనే, అరగంట లోపు ముగుస్తుంది. ఆధారాలు అవే, వాంగ్మూలం అదే, వేలు చాచి ‘అభ్యంతరం!’ అని గర్జించే భంగిమ కూడా అదే. కరిగిపోయినది ఆటగాడు తల పట్టుకొని కూర్చున్న సమయం. ఆటలో ఆ గర్జన పది నిమిషాల మథనానికి దక్కిన ఫలం. తెర మీద అది కేవలం ఒక కేక. చిత్రణ పరంగానూ తొలి భాగాలు బలహీనమైనవి. కదలిక తక్కువ, న్యాయస్థానంలోని జనం ప్రాణం లేని బొమ్మల్లా కూర్చుని ఉంటారు. అయితే చిత్రకారుల నైపుణ్యం ఎంత పెరిగినా ప్రధానమైన లోటు తీరేది కాదు.

తెలుగు పాఠకునికి ఈ లోటు కొత్తది కాదు. వారపత్రికల ధారావాహికల కాలంలో ప్రతి ‘సశేషం’ తర్వాత ఏడు రోజుల వ్యవధి ఉండేది. ఆ ఏడు రోజులూ పాఠకుడే పరిశోధకుడు. ఇంట్లోనూ కచేరీలోనూ ఊహాగానాలు సాగేవి. నవలను తిరగేసేవాడికి కూడా పుట మధ్యలో ఆగి ఆలోచించే స్వేచ్ఛ ఉంది. యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘అభిలాష’ 1983లో ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో చిరంజీవి కథానాయకుడుగా చలనచిత్రమయింది. ఉరిశిక్షను వ్యతిరేకించే న్యాయవాది తానే బుద్ధిపూర్వకంగా హత్యకేసులో ముద్దాయి కావడం అందులోని ఇతివృత్తం. చదివేవాడు ఆ పథకంలోని ప్రతి మెట్టునూ పరీక్షించుకుంటూ పోవచ్చు. చలనచిత్రం ఆ తీరికను ఇవ్వలేదు. బదులుగా ఇళయరాజా సంగీతాన్ని, నటుల సమ్మోహక శక్తిని ఇచ్చింది. జనం ఆ బేరానికి సమ్మతించారు. చిత్రం పుస్తకాన్ని అనుకరించబోకుండా తన సొంత బలాలను వెతుక్కున్నది కనుకనే బేరం కుదిరింది.

యానిమే కూడా అలా వెతుక్కున్న చోట్ల రాణించింది. వాటిలో మొదటిది కంఠస్వరం. మూలంలో పాత్రలు మాట్లాడవు. అక్షరాలు పడుతుంటే చిన్న చప్పుడు మాత్రం వినిపిస్తుంది. నరుహోదో వేసే ఒకటి రెండు కేకలకు స్వయంగా తకుమియే గొంతు ఇచ్చాడు. యానిమేలో కాజి యూకీ కంఠంలో నరుహోదో జంకు, తడబాటు, మొండితనం పూర్తిగా వ్యక్తమవుతాయి. ఇది అలంకారం కోసం చేర్చిన విషయం అనుకోరాదు. సాక్షి ఏమన్నాడో వ్రాసుకొనే న్యాయమూర్తి, ఎలా అన్నాడో కూడా అవసరమైతే నమోదు చేయాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 280వ సెక్షనులో ఉండేది. భిలాయి-3లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు. దుర్గ్ జిల్లా న్యాయస్థానాల వ్యవహారం హిందీలో సాగుతుంది. తెలుగు మాత్రమే ధారాళంగా పలకగల వృద్ధురాలు బోనులో నిలబడితే ఆమె మాట అనువాదమై కాగితం మీదికి చేరుతుంది. ఆమె నిట్టూర్పు చేరదు. వాంగ్మూలాన్ని శుభ్రమైన అక్షరాలుగా అందించే వీడియో గేమ్ ఆ కాగితం వంటిది. యానిమే ఆ నిట్టూర్పును కొంత వరకు వెనక్కు తెచ్చింది.

రెండవ విజయం గతాన్ని కళ్ళకు కట్టించడం. నాలుగవ కేసులో ప్రాసిక్యూటర్ మిత్సురుగి రేయిజి తానే హత్యానేరం మీద బోనెక్కుతాడు. చిన్ననాడు బడిలో నరుహోదో మీద భోజనపు డబ్బు దొంగిలించాడన్న నింద పడినప్పుడు, తరగతి అంతా ఒక్కటై దోషి అంటుంటే, డబ్బు పోగొట్టుకున్న మిత్సురుగియే లేచి ఆధారం ఏదని అడుగుతాడు. వీడియో గేమ్‌లో ఇది నాలుగు మాటల్లో చెప్పబడిన జ్ఞాపకం. యానిమే ఆ బాల్యానికి మూలంలో లేని ఘట్టాలను సైతం కల్పించి పెంచింది. ధారావాహిక అంతటిలో నిలిచే భాగం ఇదే. ఇక్కడ ప్రేక్షకుడు మీట నొక్కవలసిన పని లేదు, చూస్తే చాలు.

ఈ కేసులోనే చరిత్ర విద్యార్థిని ఆకర్షించే విశేషం మరొకటి ఉంది. 2001లో వెలువడిన కథ 2016లో జరుగుతున్నట్లు కల్పితమైంది. 2001 డిసెంబరు 28న జరిగిన పాత హత్యకు పదిహేనేళ్ళ కాలపరిమితి ముగియబోతుండడం దాని ఆయువుపట్టు. హత్యానేరానికి కాలపరిమితి ఎరుగని భారతీయ చట్టానికి అలవాటుపడిన పాఠకునికి ఇది వింతగా తోచవచ్చు; ఆనాటి జపాను చట్టంలో ఆ పరిమితి నిజంగానే పదిహేనేళ్ళు. 2005 నుంచి దాన్ని ఇరవై అయిదేళ్ళకు పెంచారు. 2010 ఏప్రిల్‌లో హత్యకు కాలపరిమితినే తొలగించారు. అంటే సరిగ్గా 2016లో యానిమే ప్రసారమయ్యే నాటికి కథకు ఊపిరి అయిన నిబంధన దేశంలో లేదు. రూపకర్తలు గడువును అలాగే ఉంచారు. మార్చి ఉంటే కథ కూలిపోయేది, నిజమే. కానీ ఊహించిన భవిష్యత్తు వర్తమానమై వచ్చిన అపురూపమైన సందర్భాన్ని వారు గమనించినట్లు ఒక్క దృశ్యంలోనూ కనిపించదు. మూలానికి విధేయత ఇక్కడ అజాగ్రత్తగా మారింది.

అంతకంటె పెద్ద లోపం ఎక్కడ ఆగాలో ఎంచుకోవడంలో జరిగింది. జపానులో 1928 నుంచి 1943 వరకు జ్యూరీ పద్ధతి ఉండేది. 2009 మేలో సామాన్య పౌరులు న్యాయమూర్తుల పక్కన కూర్చొనే విధానం అమలులోకి వచ్చింది. భారతదేశం అందుకు వ్యతిరేక దిశలో నడిచింది: 1959 నాటి నానావతి కేసులో జ్యూరీ ఇచ్చిన నిర్ణయాన్ని బొంబాయి హైకోర్టు తోసిపుచ్చింది, 1973 కోడ్ జ్యూరీ విచారణకు చోటు లేకుండా చేసింది. జపానులో కొత్త విధానానికి సన్నాహాలు సాగుతున్న 2007లో ఈ వరుసలో నాలుగవ ఆట వచ్చింది. దాని చివరి కేసు పౌరుల తీర్పు మీదనే నడుస్తుంది. యానిమే మాత్రం మూడవ ఆటతో, 2019 మార్చిలో ముగిసింది. నాలుగవ ఆటలోని ఆ ఆఖరి విచారణలో న్యాయవాది వాదన పూర్తయ్యాక ఆటగాడు ఒక పౌరసభ్యుని స్థానంలోకి మారతాడు. దోషి, నిర్దోషి అన్న రెండు మాటలు తెర మీద పక్కపక్కనే వెలుగుతాయి, అతడు ఏదో ఒకటి ఎంచుకొనే దాకా విచారణ కదలదు.