నాలుగు ఇనుప టోపీల డార్క్‌రూమ్

1944 వేసవి, రెండో ప్రపంచ యుద్ధ కాలం. ఫ్రాన్స్‌లోని నార్మండీ పల్లెల్లో చీకటి పడ్డాక, ఇరవయ్యొక్కేళ్ల అమెరికన్ సైనికుడొకరు తోటివాళ్ల దగ్గర ఇనుప టోపీలు అడిగి తెచ్చుకునేవారు. మొత్తం నాలుగు కావాలి. ఒకదాంట్లో డెవలపర్, ఇంకోదాంట్లో నీళ్లు, మూడోదాంట్లో బొమ్మను నిలిపే హైపో, నాలుగోదాంట్లో మళ్లీ నీళ్లు. బాంబులకు కూలిన ఓ కెమెరా దుకాణం శిథిలాల్లో దొరికిన మందులవి. కడిగిన ఫిల్మ్‌ను చెట్టుకొమ్మలకు ఆరేసి, తెల్లారాక చుట్టి దాచుకుని, తుపాకీ భుజాన వేసుకుని బయల్దేరేవారు. ఆయన పేరు టోనీ వకారో.

స్టూడియోల్లో ఫిల్మ్ కడిగిన పాతతరం వాళ్లకు ఇది ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. 36 బొమ్మల రీలు ఐదడుగుల పైనే ఉంటుంది. ట్యాంకు లేనప్పుడు రెండు కొసలూ పట్టుకుని, ప్రతి అంగుళం మందులో మునిగేలా పైకీ కిందికీ ఆడిస్తూనే ఉండాలి. ఎర్రదీపం కూడా పనికిరాదు. చిమ్మచీకట్లో, సమయం మనసులోనే లెక్కపెట్టుకోవాలి. చలి ముదిరితే డెవలపర్ మందగిస్తుంది. ఒక్క ఇసుకరేణువు చాలు, నెగటివ్ గీరుకుపోవడానికి.

వకారో 1922 డిసెంబర్ 20న పెన్సిల్వేనియాలో, ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోతే, ఇటలీలోని బోనెఫ్రో అనే ఊళ్లో బంధువుల దగ్గర పెరిగారు. యుద్ధం ముంచుకొచ్చే వేళకు అమెరికా చేరి, హైస్కూల్లో ఫొటోగ్రఫీ నేర్చుకున్నారు. 1943లో సైన్యం పిలిచింది. ఫొటోలు తీసే సిగ్నల్ కోర్‌లో చేరతానంటే, వయసు చాలదన్నారు. తుపాకీ మీట నొక్కడానికి పనికొచ్చే వేలు కెమెరా మీట నొక్కడానికి ఎందుకు పనికిరాదన్నది ఆయన ప్రశ్న. 83వ పదాతి డివిజన్‌లో వేస్తే, సొంత ఆర్గస్ సీ3 కెమెరాతోనే వెళ్లారు.

ఆ కాదనడమే చరిత్రకు మేలు చేసింది. సిగ్నల్ కోర్ వాళ్లకు స్పీడ్ గ్రాఫిక్ వంటి పెద్ద కెమెరాలుండేవి; ఒక్కో బొమ్మకు ఫిల్మ్ మార్చాలి. తీసినవన్నీ సెన్సార్ చేతుల్లోంచి వెళ్లాలి. చనిపోయిన అమెరికన్ సైనికుల ఫొటోలు 1943 సెప్టెంబర్ దాకా పత్రికల్లో రాలేదు. వచ్చాక కూడా ముఖాలు కనిపించనిచ్చేవారు కాదు. వకారో తన ఫిల్మ్ తానే కడుక్కున్నారు. దళం కంటే ముందు నడిచే స్కౌట్ కాబట్టి, కందకంలో వంగి కూర్చున్న మనిషి కంటి ఎత్తు నుంచి యుద్ధాన్ని చూశారు. అలా తీసినవి దాదాపు 8,000 ఫొటోలు.

1944 ఆగస్టులో బ్రిటనీ తీరంలోని సెయింట్ బ్రియాక్‌కు విముక్తి వచ్చింది. ఊరివాళ్లు చేయీచేయీ పట్టుకుని గుండ్రంగా ఆడుతున్నారు. నడుమ ఓ అమెరికన్ సార్జెంట్ మోకాళ్ల మీద కూర్చుని చిన్నపిల్లకు ముద్దు పెడుతున్నాడు. వకారోకు బాగా పేరు తెచ్చిన ఫొటో అది.

1945 జనవరి. బెల్జియంలోని ఓత్రే దగ్గర, మంచులో సగం కప్పుకుపోయిన మృతదేహం. ఆ ఫొటోలో ఎటు చూసినా తెలుపే. ఆర్గస్‌లో వెలుతురు కొలిచే మీటరు లేదు; అంత మంచులో ఎక్స్‌పోజర్ కంటి అంచనాతోనే పెట్టాలి. చనిపోయిన సైనికుడు హెన్రీ టానెన్‌బామ్ వకారోకు తెలిసినవాడే. దశాబ్దాల తర్వాత ఆ సైనికుడి కొడుకు వకారోను వెతుక్కుంటూ వచ్చాడు. ఇద్దరూ కలిసి ఆ చోటికి వెళ్లారు. అప్పటికి అక్కడ క్రిస్మస్ చెట్లు పెంచుతున్నారు.

యుద్ధం ముగిశాక 1949 దాకా జర్మనీలోనే ఉండి, శిథిలాల మధ్య మళ్లీ నిలబడుతున్న బతుకుల్ని ఫొటోలు తీశారు. తర్వాత ‘లుక్’, ‘లైఫ్’ పత్రికలకు పికాసోను, జార్జియా ఓకీఫ్‌ను, సోఫియా లారెన్‌ను తీశారు. మళ్లీ ఏ యుద్ధానికీ వెళ్లలేదు. నూరో పుట్టినరోజు దాటిన ఎనిమిది రోజులకు, 2022 డిసెంబర్ 28న కన్నుమూశారు.

ఫొటోగ్రఫీ తరగతుల్లో యుద్ధ ఫొటోగ్రాఫర్లు రాబర్ట్ కాపా, జో రోసెంతాల్ పేర్లు తరచూ వినిపిస్తాయి. కాపా పత్రిక తరఫున వెళ్లారు, రోసెంతాల్ వార్తాసంస్థ తరఫున వెళ్లారు. ఎవరూ పంపకుండానే తీసిన వకారో ఫొటోలను కూడా వాళ్ల ఫొటోల పక్కన ఉంచి పిల్లలకు చూపించాలి. ముఖ్యంగా సెయింట్ బ్రియాక్ ముద్దునూ, ఓత్రే మంచునూ విడదీయకుండా చూపించాలి. రెండూ ఒకే మనిషి, ఐదు నెలల తేడాతో తీసినవి.