మొక్కల లెక్క, అడవి లెక్క

పోయిన అడవిని తిరిగి పెంచామని ఎవరైనా అంటే అది నిజమో కాదో తేల్చేది ఎవరు? కేంద్రం 2023లో తెచ్చిన గ్రీన్ క్రెడిట్ నిబంధనలు చదువుతుంటే మాకు మొదట వచ్చిన ప్రశ్న ఇదే. 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన పద్ధతిలో పాడైన భూమిని గుర్తించేది అటవీశాఖ, మొక్కలు నాటేది అటవీశాఖ, ధ్రువపత్రం ఇచ్చేదీ అటవీశాఖే. డబ్బు కట్టినవారికి చెట్టుకో క్రెడిట్. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే మా బడిలో ఒప్పుకోం.

హెక్టారుకు కనీసం 1100 చెట్లు ఉండాలన్నారు. అంటే చెట్టుకీ చెట్టుకీ సుమారు మూడు మీటర్లు. ఏడో తరగతి పిల్లలు వేసే లెక్క. విమర్శలు వచ్చాక 2025 ఆగస్టులో మార్చారు. ఐదేళ్లు పెంచాలి, చెట్ల పందిరి కనీసం 40 శాతం నేలను కప్పాలి, అప్పుడే క్రెడిట్. మంచి మార్పే. నాటిన మొక్క బతికిందా అనైనా అడుగుతున్నారు.

అయితే పైనుంచి చూస్తే జామాయిల్ తోట కూడా పచ్చగానే ఉంటుంది. ఒకసారి మా పిల్లలను ముందు జామాయిల్ తోటకు, తర్వాత అడవికి తీసుకెళ్లాం. తినేవి, కట్టుకునేవి, మందుకు పనికొచ్చేవి రాయమన్నాం. తోటలో 'వంటచెరకు' అని రాసి ఆగిపోయారు. అడవిలో ఇప్ప, తునికి, సారపప్పు, కరక్కాయ, అడ్డాకు, తపసి బంక, దుంపలు... కాగితం చాల్లేదు. తోట గురించి ఒక పాప ఇలా రాసింది: "నీడ ఉంది గానీ కూర్చోబుద్ధి కాలేదు."

ఇప్ప నాటితే పువ్వు రాలడానికి పదేళ్లయినా పడుతుంది. ఐదేళ్లలో పందిరి చూపించాలంటే ఎవరైనా ఏ చెట్టు నాటుతారు? పైగా ఈ క్రెడిట్లను మరోచోట అడవి తీసేసినందుకు చేయాల్సిన పరిహార వనీకరణ కింద చూపుకోవచ్చు. అక్కడ పోయేది ఇప్పచెట్టు, ఇక్కడ లెక్కకొచ్చేది ఏదో ఒక చెట్టు.

'పాడైన భూమి' అన్న మాట దగ్గరా ఆగాలి. పలచటి అడవి, పొదల నేల, బంజరు అన్నీ అందులోకే వస్తాయి. మనకు అవి పశువుల మేత, బీడు పెట్టిన పోడు, దేవర జాగా. కంచె పడితే ఆ దారి మూసుకుపోతుంది.

సామూహిక అటవీ వనరును కాపాడుకునే, తిరిగి పెంచుకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం మనకిచ్చింది. పెంచే హక్కున్న గ్రామసభకు పెరిగిందో లేదో చెప్పే హక్కు ఎందుకుండదు? ధ్రువపత్రంలో గ్రామసభ తీర్మానానికి ఒక గడి ఉండాలి. అది ఖాళీగా ఉంటే క్రెడిట్ ఇవ్వకూడదు.

మీ ఊరి పక్కన కొత్తగా కంచె పడితే ఆ నేలను ఏ పేరుతో గుర్తించారో, ఏ జాతులు నాటారో, గ్రామసభను ఎప్పుడు అడిగారో రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు దరఖాస్తు రాయడం తొమ్మిదో తరగతిలో మేము ఉత్తరాల పాఠంతోపాటే నేర్పుతున్నాం.