ఉత్తరం చెప్పని నాచు

అడవిలో దారి తప్పితే మాను మీద నాచు ఎటువైపు పట్టిందో చూడు, అదే ఉత్తరం అని పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. చలిదేశాల్లో కొంతవరకు నిజమే. అనంతగిరి కొండల్లో దాన్ని నమ్ముకుంటే మాత్రం ఇల్లు చేరరు. ఇక్కడ మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికే ఒరిగి ఉంటాడు.

నాచును సరిగా చూడాలంటే పదింతలు చూపే భూతద్దాన్ని కంటికి ఆనించి, ముఖాన్ని బెరడు దాకా తీసుకెళ్లాలి. చూసేవాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. నాచుకు చుట్టమైన లివర్‌వర్ట్ మొక్కల్లో ఒకటైన ఫ్రుల్లానియా ఆకుల అడుగున బుల్లి టోపీల్లాంటి సంచులు కనిపిస్తాయి. కాస్త నీరు పట్టి ఉంచుకోవడానికి అవి. ఎండ తగిలే కొమ్మల మీద కూడా అది బతకగలగడంలో ఆ సంచుల పాత్ర ఉంది.

నాచుకు నీళ్లు తాగే వేళ్లు లేవు, ఒళ్లంతా నోరే. వాన ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందన్నది దానికి పెద్దగా పట్టదు. పగటి వెలుతురులో తడి ఎంతసేపు నిలిచిందన్నదే లెక్క. పల్లపు అడవుల్లో పొద్దెక్కగానే ఎండిపోతుంది. రాత్రేమో తడి, దానికి తోడు ఉక్క. పగలు తయారుచేసుకున్న ఆహారంలో చాలా భాగం రాత్రి శ్వాసకే పోతుంది. కొండెక్కితే రాత్రులు చల్లబడతాయి, మంచు ఆలస్యంగా విడుతుంది, నాచు మందమవుతుంది. వర్షారణ్యాల్లో అలాంటి మెత్తల్లోకి చెట్టే తన కొమ్మల నుంచి వేళ్లు దింపుకుంటుందని జీవావరణ శాస్త్రవేత్త నళినీ నాద్కర్ణి 1981లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. కోస్టారికాలోని మోంటెవెర్డెలో కొమ్మల మీది ఆ మెత్తను ఒలిచేస్తే తిరిగి నిండటానికి ఏళ్లకేళ్లు పడుతుందనీ ఆమె పరిశోధనల్లో తేలింది. అందుకే గీకి సంచిలో వేసుకునేవాళ్లంటే నాకు చిరాకు.

బెరడు సంగతి వేరే ఉంది. జామ పెచ్చులూడ్చేస్తుంది, నాచు నిలదొక్కుకునేలోగా కాళ్ల కింద నేలే రాలిపోతుంది. ముసలి మామిడి గరుకు పగుళ్లలో తడి ఆగుతుంది. పంగలోంచి వాననీరు జారే చార వెంట పచ్చదనం దిగివస్తుంది. అది ఏ దిక్కునైనా కావచ్చు.

కాఫీ తోటల్లో నీడచెట్ల కొమ్మలు నరుకుతారు. కాఫీకి వెలుతురు కావాలి, నాచు కోసం ఆపమని రైతును అడగలేం. నీడకు అలవాటు పడిన నాచు కొన్నాళ్లకు మాను మీద గోధుమరంగుకు తిరిగి పొడిపొడిగా రాలుతుంది. ఏ చెట్టు కొమ్మలు కొట్టారో పైకి చూడకుండానే చెప్పేయొచ్చు.