పుట్టి నిండాకే ఏరు దాటాలి

“అన్నా, సిగ్నల్ మస్తుంది. స్పీడే వస్తలేదు.”

టవర్ మీంచి ఫోన్‌లో కుర్రాడు అన్న మాట ఇది. బీచుపల్లి దగ్గర కృష్ణకు అటు పెబ్బేరు వైపు ఒక ఊరు, ఇటు ఇటిక్యాల వైపు ఒక ఊరు, నడుమ 15 కిలోమీటర్లు. రెండు డిష్‌లు ఎదురెదురుగా బిగించి ఇవతలి నెట్‌ను అవతలికి దాటించాలి. పరికరం తెర మీద 300 ఎంబీపీఎస్ అని చూపిస్తోంది. అవతలి ఊళ్లో ఫైలు దింపుకుంటే అందులో పదోవంతు కూడా దక్కడం లేదు. పవర్ పెంచాం. ఛానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్‌కి పెంచాం. డిష్‌ను ఇంకో నాలుగు మీటర్లు పైకెత్తాం. పెంచినకొద్దీ వేగం పడిపోయింది.

తప్పు నాదే. పరికరం సెట్టింగుల్లో దూరం వేయాల్సిన గడిని నేను ముట్టుకోనే లేదు. మా రేడియోలు నడిచేది వైఫై మీద. అది దగ్గరి దూరాల కోసం పుట్టింది. ప్యాకెట్ పంపగానే ‘అందింది’ అని చిన్న జవాబు వెంటనే రావాలని దాని లెక్క. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. మా లింక్‌లో పోవడానికి 50, రానూపోనూ 100 మైక్రోసెకన్లు. జవాబు ఇంకా కృష్ణ మీద ఉండగానే మా రేడియో ఓపిక నశించి అదే ప్యాకెట్‌ను మళ్లీ పంపుతోంది. చెప్పిందే చెప్పడంతో దానికి పొద్దు గడిచిపోతోంది.

దూరం సరిచేశాక కొంత తేరుకుంది. అయినా లెక్క చూడండి: 300 ఎంబీపీఎస్ దగ్గర 1500 బైట్ల ప్యాకెట్ గాల్లోకి ఎక్కడానికి 40 మైక్రోసెకన్లు చాలు. దాని జవాబు కోసం కూర్చునేది 100. వంతెన లేని రోజుల్లో ఈ ఏరు పుట్టిలో దాటేవాళ్లు. ఒక్క మనిషిని దించి, అవతలి గట్టు నుంచి ఖాళీగా వచ్చి, ఇంకొకరిని ఎక్కించుకునే పుట్టివాణ్ని ఎవరైనా చూశారా? పుట్టిని నింపే సౌకర్యం వైఫైకి 802.11ఎన్ ప్రమాణంతో వచ్చింది. రేడియో ప్యాకెట్లను 64 కిలోబైట్ల దాకా ఒకే మూట కట్టి, అన్నిటికీ కలిపి ఒక్క రసీదు తీసుకుంటుంది. మూట పెద్దదయ్యేకొద్దీ దూరం భారం తగ్గుతుంది.

ఇక వంతుల సంగతి. మాట్లాడేముందు గాలి ఖాళీగా ఉందా అని వినడం వైఫై మర్యాద. 15 కిలోమీటర్ల అవతలివాడు గొంతెత్తిన సంగతి 50 మైక్రోసెకన్లకు గానీ ఇటు తెలియదు. ఈలోగా ఇద్దరూ ఒకేసారి అరుస్తారు. కాలాన్ని ముక్కలు చేసి నీదొక వంతు, నాదొక వంతు అనుకోవడమే మందు. దీన్ని మన నేల మీదే తేల్చుకున్నారు. ఐఐటీ కాన్పూర్‌లో భాస్కరన్ రామన్, కామేశ్వరి చెబ్రోలు 2005లో 2పీ అనే పద్ధతి చెప్పారు: ఒకే టవర్ మీది రేడియోలన్నీ కలిసి పంపాలి, కలిసి వినాలి. పక్క డిష్ అరుస్తుంటే ఈ డిష్‌కు చెవులు పనిచేయవు మరి. పశ్చిమ గోదావరి పల్లెల్లో బైర్రాజు ఫౌండేషన్ నడిపిన ‘అశ్విని’ నెట్‌వర్క్ కూడా ఇలాంటి దూరపు వైఫై మీదే నిలిచింది. 2007లో వెనెజులాలో 382 కిలోమీటర్ల లింక్ మీద వంతుల పద్ధతితో ఒక్కో దిక్కుకు 3 ఎంబీపీఎస్ దాకా లాగారు.

తర్వాత మేం చేసినవన్నీ తగ్గింపులే. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు అక్కర్లేకుండా వదిలారు, మంచిదే. అప్పటి నుంచి 44వ నంబరు రహదారి పొడవునా ప్రతి మేడ మీదా ఒక డిష్. వెడల్పు ఛానెల్ ఆ రొద అంతటినీ లోపలికి రానిస్తుంది. 80 నుంచి 40కి దిగాం, చేతికొచ్చే వేగం పెరిగింది. పవర్ నాలుగు డీబీ దించాం. రేడియోను గరిష్ఠానికి తోస్తే దాని గొంతు బొంగురుపోతుంది, నాణ్యమైన మాడ్యులేషన్ నిలవదు.

ఆగస్టులో ఎగువన జూరాల డ్యాం గేట్లెత్తారు, ఏరు నిండింది. లింక్ మళ్లీ తూలింది. ఎండాకాలంలో బండలు తేలిన ఏరు తరంగాన్ని చెల్లాచెదురు చేస్తుంది. నిండిన ఏరు అద్దం. నేరుగా వచ్చే తరంగమూ నీళ్ల మీంచి ఎగిరొచ్చేదీ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటున్నాయి. అందరూ డిష్ ఎత్తమన్నారు. మేం ఇవతల ఆరు మీటర్లు దించి, అవతల ఎత్తాం. దాంతో తరంగం తగిలి ఎగిరే చోటు నది మీంచి మా వైపు చేలల్లోకి జరిగింది. అక్కడ వరి ఉంది, గట్లున్నాయి, అద్దం లేదు. దించడానికీ హద్దుంది. 5.8 గిగాహెర్ట్జ్‌లో ఇంత దూరానికి నట్టనడుమ చూపు గీత చుట్టూ దాదాపు 14 మీటర్ల వ్యాసార్థంలో ఫ్రెనెల్ జోన్ ఉంటుంది. అందులో కనీసం అరవై శాతం ఖాళీగా ఉండాలి. ఒక్క తుమ్మచెట్టు అడ్డం పెరిగినా చాలు, లింక్ తూలుతుంది.

ఏటి మీదుగా లింక్ వేసేవాళ్లకు ఒక మాట. మే నెలలో కొలిచి బిల్లు పెట్టకండి. నీళ్లొచ్చాక, రాత్రి ఎనిమిదింటికి, ఊరంతా సీరియల్ చూసే వేళ మళ్లీ కొలవండి.