కత్తి లేని కథలు

గడచిన యేట నంద్యాలలోను ఆళ్లగడ్డలోను మేము చూచిన చలనచిత్రములలో రెండు మాకు మిక్కిలి నచ్చినవి.

మొదటిది 2023లో వేణు యెల్దండి తీసిన ‘బలగం’. తెలంగాణపు పల్లెలో ఒక తాత మరణించును. పిండమును కాకి ముట్టదు. ఇది మూఢవిశ్వాసమును పోషించునని సంస్కారప్రియు లాక్షేపింప వచ్చును. మే మట్లు తలపము. నల్లిబొక్క కొరకు కలహించి యిరువదేండ్లు దూరమైన బావమరదులను కలిపినది కాకి గాదు, పశ్చాత్తాపము.

రెండవది 2024లో నందకిశోర్ ఈమాని తీసిన ‘35 చిన్న కథ కాదు’. విలువలేని సున్న ఒకటి ప్రక్కన నిలిచినంతనే పది యెట్లగునని తిరుపతి బాలుడొకడు ప్రశ్నించును. పదవ తరగతి తప్పిన తల్లి సరస్వతి, వానికి నేర్పుటకై తాను మరల గణితము నభ్యసించును. స్త్రీవిద్యను గూర్చి నూరుపన్యాసములు చేయలేని పనిని ఆ తల్లి పలక చేసినది.

‘సమరసింహారెడ్డి’ (1999) వంటి చిత్రములు చూచి, సీమ యన్న వేటకొడవలియే యని లోకము నమ్మినది. ఆళ్లగడ్డ శిల్పి రాతిలో వలదన్నది తొలగించి మూర్తిని చూపును. ఈ దర్శకు లిరువురును నెత్తురును తొలగించి మనుష్యుని చూపిరి. మన నంద్యాల తల్లుల కథయు నట్లు తెర కెక్కవలదా? అట్టి చిత్రములకే టిక్కెట్టు కొనుట మన చేతిలోని పని.